లూపు లైనులో యూరియా బండి

గూడ్సు బండికి టైము ఉండదని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలిసింది. పాసింజరుకి, ఎక్స్‌ప్రెస్సుకి టైంటేబులు ఉంటుంది. ఏ స్టేషనుకి ఎన్ని గంటలకు రావాలో, ఎన్ని నిమిషాలు ఆగాలో ముందే రాసి ఉంటుంది. గూడ్సుకి అలాంటిదేమీ లేదు. మిగతా బండ్లు వెళ్ళగా మధ్యలో ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ నడుస్తుంది. దొరక్కపోతే పక్క లైనులోకి తప్పుకుని నిలబడుతుంది. ఆ పక్క లైనునే లూపు అంటాం. గంట ఆగొచ్చు, పన్నెండు గంటలు ఆగొచ్చు. అది ఎన్ని గంటలకు బయల్దేరిందో రాసుకుంటాం గానీ, ఎన్ని గంటలకు బయల్దేరాల్సిందో ఎక్కడా రాసి ఉండదు. అందుకని గూడ్సు లేటయిందని ఎవరూ అనరు.

మా నాన్న మొవ్వలో హైస్కూలు లెక్కల మాష్టారుగా చేసి రిటైరయ్యారు. నేను స్టేషను మాస్టర్ని అయ్యానని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర, ఏ బండిని ముందు పంపాలో ఎలా తేలుస్తారని అడిగారు. ప్రమాదం జరిగినప్పుడు సాయానికి వెళ్ళే బండి అన్నిటికంటే ముందు, తర్వాత ఎక్స్‌ప్రెస్సులు, తర్వాత పాసింజర్లు, ఆఖర్న గూడ్సులు అని వరసగా చెప్పాను. గూడ్సుల్లో మళ్ళీ ఏది ముందని అడిగారు. అది రోజును బట్టి మారుతుందనీ, కరెంటు ప్లాంట్లలో బొగ్గు తగ్గితే బొగ్గు బండి ముందనీ, అలా పైనుంచి చెప్తారనీ అన్నాను. ఆయన అన్నం కలుపుకుంటూ విని, అయితే నువ్వు తేల్చేదేమీ లేదన్నమాట అన్నారు. వెక్కిరింపుగా అనలేదు. ఉన్నమాటే అన్నారు.

నా స్టేషను గుడివాడకి, బందరుకి మధ్యలో ఉండేది. మచిలీపట్నం అనేది బోర్డుల మీదే, మాటల్లో అందరికీ అది బందరే. అప్పటికింకా రెండో లైను పడలేదు, పనులు జరుగుతున్నాయి. ఉన్న ఒక్క లైను మీదే అటు వెళ్ళేవీ ఇటు వచ్చేవీ నడవాలి. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తున్నాయంటే ఏదో ఒక స్టేషనులో ఒకటి లూపులోకి తప్పుకోవాలి, రెండోది పక్కనుంచి దాటిపోవాలి. ఏ స్టేషనులో ఏది తప్పుకోవాలో చెప్పేది కంట్రోలరు. ఆయన వేరే ఊళ్ళో ఆఫీసులో కూర్చుని ఈ లైను మీదున్న స్టేషన్లన్నిటితో ఫోనులో మాట్లాడుతుంటారు. ఎనిమిదేళ్ళు ఆయన గొంతు విన్నాను గానీ మనిషిని ఎప్పుడూ చూడలేదు. తక్కువ మాట్లాడతారు. ప్రతి మాటకీ మేడమ్ అంటారు. వర్షాకాలం మొదలయ్యేసరికి దగ్గు పట్టుకుంటుంది, దీపావళి దాకా వదలదు. ఆయన గురించి నాకు తెలిసింది అంతే.

లూపులో ఆగే గూడ్సు బండ్ల వల్లే గార్డుగారు పరిచయమయ్యారు. ఈమధ్య వాళ్ళ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు గానీ మేమింకా గార్డనే అంటాం. ఆయనది దివిసీమ, నాగాయలంక అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. వాళ్ళింట్లో అందరూ వేటకు వెళ్ళేవాళ్ళే, రైల్వేలోకి వచ్చింది ఈయనొక్కడే. మొదటిసారి చూసినప్పుడు బియ్యం బండికి గార్డుగా వచ్చి ఉదయం నుంచి మా లూపులో ఉన్నారు. గార్డు పెట్టె బండి చిట్టచివర ఉంటుంది. అందులో ఫ్యాను లేదు, లైటు లేదు, బాత్రూము లేదు. ఎండలో కంకర రాళ్ళ మీద అర కిలోమీటరు పైన నడుచుకుంటూ వచ్చి, నీళ్ళ సీసా నింపుకుంటానని అడిగారు. ఫోను చేస్తే మనిషితో పంపించేదాన్ని కదండీ అన్నాను.

“నడవడానికే వచ్చానండి. కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేశాయి” అన్నారు. తర్వాత, ఇంకా ఎంతసేపు పట్టొచ్చని అడిగారు. తెలీదండి అన్నాను. ఆ జవాబు వస్తుందని తెలిసినట్టే తలూపి వెళ్ళిపోయారు.

తెలీదు అన్నమాట పూర్తిగా నిజం కాదు. బందరు నుంచి రెండు బండ్లు వచ్చేదాకా అది కదలదని నాకు తెలుసు. కానీ కంట్రోలరు మనసు మార్చుకోవచ్చు, ఏదైనా బండి లేటవ్వచ్చు. చెప్పాక మాట తప్పడం కంటే చెప్పకపోవడమే మేలని మా అందరికీ అలవాటు. ఆయన తర్వాత కూడా చాలాసార్లు మా లూపులో ఆగారు. పెట్టెలో కూర్చుని వల అల్లుకునేవారు. నాలుగైదు నెలల్లో ఒక వల పూర్తయిందనీ, తమ్ముడికి ఇచ్చేశాననీ, రెండోది మొదలుపెట్టాననీ ఒకసారి చెప్పారు.

రోజూ చూసే మనిషి ఇంకొకావిడ ఉండేది. బందరులో చేపలు తీసుకుని తొమ్మిది దాటాక బయల్దేరే పాసింజరులో గుడివాడ వెళ్ళేది. తెల్లవారి పడవలు రేవుకి వచ్చాక వేలంపాట అవుతుంది, అక్కడ కొనుక్కుని రెండు అల్యూమినియం బేసిన్లలో సర్దుకుని, పైన తడి గోనె కప్పి, బండి ఎక్కేది. పదిన్నరకల్లా గుడివాడలో దిగితే రోజూ చేపలు వేసే వాడకం ఇళ్ళు తిరిగి మిగిలినవి మార్కెట్లో అమ్మేది. మా స్టేషనులో పాసింజరు రెండు నిమిషాలే ఆగుతుంది. ఆ రెండు నిమిషాల్లో దిగి, ప్లాట్‌ఫారం మీది కుళాయి దగ్గర గోనె తడుపుకుని మళ్ళీ ఎక్కేది. నన్ను మేష్టరమ్మా అని పిలిచేది. నేను అక్కా అనేదాన్ని. మేం చేపలు తినం, ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా రోజూ ఇవాళేం చేపలు వచ్చాయో చెప్పి ఎక్కేది.

ఆ ఏడు కాలువలకు నీళ్ళు ఆలస్యంగా వదిలారు. మామూలుగా ముందూ వెనకా పడే నాట్లు అన్ని ఊళ్ళలోనూ ఒకేసారి పడ్డాయి. దాంతో యూరియా కూడా అందరికీ ఒకేసారి కావలసొచ్చింది. సొసైటీల దగ్గర తెల్లవారకముందే జనం వెళ్ళి వరసలో చెప్పులు పెట్టి చెట్టుకింద కూర్చుంటున్నారని పేపర్లో ఫొటోలు వస్తున్నాయి. మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, మొవ్వ దగ్గర నాలుగెకరాలు చేస్తారు. ఆయన మూడు రోజులు వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

ఒకరోజు ఉదయం ఎనిమిదింటికి డ్యూటీకి వెళ్ళేసరికి లూపులో నలభై రెండు వ్యాగన్ల యూరియా బండి నిలబడి ఉంది. ముందురోజు సాయంత్రమే వచ్చిందట. బందరు గూడ్సు షెడ్డుకి వెళ్ళాలి. షెడ్డు దగ్గర ఉన్న లైనులో వేరే బండి సరుకు ఇంకా దింపుతున్నారు, అది ఖాళీ అయ్యేదాకా దీనికి చోటు లేదు. ఈలోపు డ్రైవరు పనిగంటలు అయిపోయాయి. ఇంజను ఆపేసి ఆ డ్రైవరూ గార్డూ వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళు పొద్దున్నే మొదటి పాసింజరులో వచ్చి ఎక్కారు. కొత్తగా వచ్చిన గార్డు మన దివిసీమ ఆయనే.

ఎనిమిదీ ఇరవైకి బాబాయి ఫోను చేశారు. యూరియా బండి నిన్నట్నుంచీ మా స్టేషనులోనే ఉందటగా అని అడిగారు. ఉందన్నాను. ఎందుకు పంపలేదని అడిగితే షెడ్డు సంగతి, డ్రైవరు సంగతి చెప్పాను. ఆయన అంతా విని, “నువ్వక్కడ ఉండి కూడా ఏం చెయ్యలేవా అమ్మాయ్?” అన్నారు. బాబాయి మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. నేను చూస్తానని ఫోను పెట్టేశాను.

పెట్టేసేసరికి బయట మోటారు సైకిళ్ళ చప్పుడు వినపడింది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు, ముప్పై మంది దాకా ఉంటారు. ఎవరూ అరవలేదు. కొంతమంది ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారు. కొంతమంది పట్టాలు దాటి వెళ్ళి వ్యాగన్ల పక్కన నిలబడ్డారు. ఒక తలుపు సందులోంచి నాలుగు గింజలు రాలి ఉంటే ఒకాయన అరచేతిలోకి ఏరుకుని చూసుకున్నాడు. బండి కిందకి వెళ్ళొద్దని చెప్పమని మా మనిషిని పంపించాను. అప్పటికే గార్డుగారు దిగి వాళ్ళతో మాట్లాడుతున్నారు.

తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన నా గదిలోకి వచ్చారు. ఇక్కడే దింపించమని అడిగారు. వ్యాగన్లకు సీళ్ళున్నాయనీ, లారీ రావడానికి దారి లేదనీ, ఇక్కడ సరుకు దింపే వీలే లేదనీ చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. అయితే ఎప్పుడు కదులుతుందని అడిగారు. బందరు పాసింజరు వచ్చి వెళ్ళాలి, ఆ తర్వాత గుడివాడ వైపు నుంచి ఒక ఎక్స్‌ప్రెస్సు వస్తుంది, అది కూడా వెళ్ళాలి అన్నాను.

“ఆ పాసింజర్లో ఎంతమంది ఉంటారమ్మా?” అన్నారు.

“రెండొందల మంది ఉంటారేమోనండి.”

“ఈ సరుకు కోసం ఎన్ని ఊళ్ళు చూస్తున్నాయో మీకు తెలుసు కదా.”

తెలుసండి అన్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడ్డారు. నేను పుస్తకంలో రాసుకోవలసినవి రాసుకుంటూ ఉన్నాను గానీ ఆయన అక్కడ ఉన్నారని ప్రతి నిమిషమూ తెలుస్తూనే ఉంది.

తొమ్మిదికి పది నిమిషాలు ఉందనగా కంట్రోలరు ఫోను చేశారు. షెడ్డు లైను ఖాళీ అయిందన్నారు. పాసింజరు టైముకే బందరులో బయల్దేరుతుంది, అది మా స్టేషను దాటాక, ఎక్స్‌ప్రెస్సు కూడా వెళ్ళాక, పదకొండు దాటాక గూడ్సుని పంపుదామన్నారు. అప్పుడు నేను ఏడేళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగాను. గూడ్సుని ముందు పంపితే ఎలా ఉంటుందండీ అన్నాను. పాసింజరుని బందరు వైపు అవతలి స్టేషను లూపులో పెడితే ఇది దాటిపోతుంది కదా అన్నాను. అవతలి స్టేషనులో లూపు పొట్టిది. అంత పొడుగు గూడ్సు అందులో పట్టదు, తప్పుకుంటే పాసింజరే తప్పుకోవాలి.

“మీ దగ్గర గొడవేమైనా జరుగుతోందా మేడమ్?” అన్నారు.

“గొడవ లేదండి. ముప్పై మంది రైతులు వచ్చారు. కూర్చున్నారు.”

“పాసింజరుకి ఇరవై నిమిషాలు పోతుంది.”

“పోనివ్వండి” అన్నాను.

సరేనన్నారు. బాబాయి ఫోను చెయ్యకపోయి ఉంటే అలా అడిగేదాన్నా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అడిగేదాన్ని కాదనే ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇరవై నిమిషాల్లో అయ్యే పని కాలేదు. రాత్రంతా ఇంజను ఆగిపోయి ఉండటంతో అన్ని వ్యాగన్లలోకీ గాలి నిండి బ్రేకులు వదలడానికే సమయం పట్టింది. రెండు వ్యాగన్ల బ్రేకులు పట్టేసి ఉంటే గార్డుగారూ డ్రైవరూ నడిచివెళ్ళి విడిపించారు. తొమ్మిదీ ఐదుకి కదలాల్సిన బండి తొమ్మిదీ నలభైకి కదిలింది. అది కదలగానే ప్లాట్‌ఫారం మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. పెద్దాయన నాకు దణ్ణం పెట్టారు. ఆయన వయసు మా నాన్న వయసు, నాకు ఇబ్బందిగా అనిపించి లేచి నిలబడ్డాను. తర్వాత అందరూ బళ్ళు తీసుకుని బందరు వైపు వెళ్ళిపోయారు.

దారిలో రెండో లైను పనుల వల్ల కాలువ వంతెన దగ్గర నెమ్మదిగా వెళ్ళాలన్న ఆంక్ష ఉంది. ఖాళీ బండ్లు దాన్ని ఐదు నిమిషాల్లో దాటతాయి. నిండు బండి మనిషి నడిచినట్టు నడిచింది. అవతలి స్టేషను దాటేసరికి పదిన్నర. అక్కడ తొమ్మిదిన్నర నుంచీ పాసింజరు లూపులో నిలబడే ఉంది. చిన్న స్టేషను, పక్కన పొలాలే, దిగి వెళ్దామన్నా రోడ్డు దూరం. పాసింజరు మా స్టేషనుకి వచ్చేసరికి పదకొండుకి పది నిమిషాలు తక్కువ. అప్పటికి గుడివాడ నుంచి ఎక్స్‌ప్రెస్సు బయల్దేరింది. ఎక్స్‌ప్రెస్సు ముందు, పాసింజరు వెనక. కాబట్టి పాసింజరుని మా స్టేషనులో మళ్ళీ ఆపాల్సొచ్చింది. ఆపమని కంట్రోలరు అంటే ఆపాను.

ఆ ఇరవై ఐదు నిమిషాలూ చేపలావిడ మూడుసార్లు దిగి గోనె తడుపుకుంది. నా వైపు చూడలేదు. మూడోసారి గోనె ఎత్తి చూసి, వేలితో ఒక చేపని నొక్కి చూసింది. బండి గుడివాడ చేరేసరికి పన్నెండు కావస్తోంది. మధ్యాహ్నం వంటలు అయిపోయే టైము.

నాలుగు రోజుల తర్వాత ఖాళీ వ్యాగన్లతో తిరిగొస్తూ గార్డుగారు మా లూపులో ఆగారు. ఆ రోజు సరుకు త్వరగానే దింపారా అని అడిగాను. ఆయన చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డారు. తెల్లవార్లూ ముందు బండి సరుకు దింపిన కూలీలు ఇళ్ళకు వెళ్ళిపోయారట. కొత్త బండి మధ్యాహ్నం వస్తుందని వాళ్ళకు ముందే చెప్పి ఉంచారు. “మేం పదకొండుకే చేరామండి. రెండింటి దాకా తలుపే తియ్యలేదు” అన్నారు. రైతులు అక్కడ కూడా గేటు బయట నిలబడి ఉన్నారట. లారీలు మర్నాడు పొద్దున కదిలాయి.

అంటే నేను అడక్కపోయినా ఏమీ మారేది కాదు. బండి పన్నెండున్నరకు చేరేది, రెండింటికే తలుపులు తీసేవారు. పాసింజరు టైముకి వెళ్ళేది. బాబాయికి ఆ బండి సరుకులోంచే రెండు బస్తాలు దొరికాయి, చేను కోలుకుంది. నావల్లే బండి కదిలిందని ఆయన ఊళ్ళో చెప్పుకున్నారని పిన్ని చెప్పింది. అది నిజం కాదని నేను చెప్పలేదు.

చేపలావిడ మూడు రోజులు పాసింజరులో కనపడలేదు. నాలుగో రోజు వచ్చింది. గోనె తడుపుకుంటూ, ఆ రోజు బండి ఎందుకు ఆపేశారమ్మా అని అడిగింది. పైవాళ్ళు ఆపారని చెప్తే సరిపోయేది. ఎవరూ తప్పుపట్టరు, చాలావరకు నిజం కూడా.

“నేనే ఆపించాను అక్కా. యూరియా బండి ముందు వెళ్ళాలని అడిగాను” అన్నాను.

ఆమె గోనె పిండటం ఆపి నన్ను చూసింది. కోపం కనపడలేదు. గుడివాడలో ఒక ఇంట్లో బాలింతకు పాలు పడాలని పాలసొర చేప తెమ్మన్నారట. మూడు రోజులు రేవులో కాచుకుంటే ఆ రోజు దొరికిందట. పన్నెండింటికి తీసుకెళ్తే వాసన చూసి వద్దన్నారు. పచ్చి బాలింత, వాళ్ళు అనడంలో తప్పు లేదంది. మర్నాటి నుంచి వాళ్ళు వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటున్నారు. ఆ ఇంటికి పదకొండేళ్ళ నుంచి ఈమే చేపలు వేసేది. వాళ్ళ పెద్దమ్మాయి పురుళ్ళకీ ఈమే ఇచ్చింది.

“ఆపితే ఆపారు. బందర్లోనే చెప్పుంటే బస్సెక్కేదాన్ని కదమ్మా. తీసుకొచ్చి పొలాల మధ్య పెట్టారు” అంది.

బండి కూత వేసింది. ఆమె ఎక్కింది. నేను జెండా ఊపాను.

పాసింజరు అంత లేటయినందుకు వివరణ రాసివ్వమని పైనుంచి కాగితం వస్తుందని ఎదురుచూశాను. ఏం రాయాలో కూడా అనుకున్నాను. రైతులు గుమిగూడారని రాస్తాను గానీ బాబాయి సంగతి రాయను. వారం గడిచినా కాగితం రాలేదు. చివరికి నేనే కంట్రోలరుని అడిగాను. అది తన నిర్ణయమని రాసేశానన్నారు. “మీరు అడిగారు, నేను పంపాను. పంపింది నేనే కదా మేడమ్” అన్నారు. ఆ వెంటనే వేరే స్టేషనుతో మాట్లాడటం మొదలుపెట్టారు. మరుసటి ఏడు ఆయన రిటైరయ్యారు. ఒకరోజు ఫోను ఎత్తితే వేరే గొంతు వినపడింది. కొత్తాయన మేడమ్ అనరు, స్టేషను పేరు పెట్టి పిలుస్తారు. పాతాయన ఊరేదో, ఇప్పుడెక్కడ ఉన్నారో నేను కనుక్కోలేదు. కనుక్కోవాల్సింది.

ఆ తర్వాత నేను ఒక పని మొదలుపెట్టాను. చేపలావిడ దగ్గర ఫోను నంబరు తీసుకున్నాను. పాసింజరుని దారిలో ఎక్కువసేపు ఆపబోతున్నారని ముందే తెలిసిన రోజున తొమ్మిదిలోపు ఆమెకు చెప్పేదాన్ని. ఆమె మిగతావాళ్ళకి చెప్పేది. నెలకి రెండు మూడుసార్లు ఉండేది అలా. రెండుసార్లు నేను చెప్పింది తప్పయింది. ఆగుతుందన్న బండి ఆగకుండా వెళ్ళింది, వాళ్ళు అనవసరంగా బస్సెక్కారు. గార్డులకు కూడా నాకు తెలిసినంత చెప్పడం మొదలుపెట్టాను. రెండు బండ్లు రావాలండి, పదకొండున్నర అవ్వచ్చు, కాకపోవచ్చు, అని. దివిసీమ గార్డుగారు మొదటిసారి ఆ మాట విని, అయితే పడుకోవచ్చన్నమాట అన్నారు. అన్నట్టే పడుకున్నారు. ఎప్పుడు సిగ్నలు పడుతుందో తెలీక అంతకుముందు ఎప్పుడూ కునుకు తియ్యలేదట.

ఆయన సొంతిల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాను. అవనిగడ్డ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి నాగాయలంకకి ఇంకొకటి, ఆ పైన ఆటో. భోజనాలయ్యాక వాళ్ళ నాన్నగారు వచ్చి పక్కన కూర్చున్నారు. డెబ్భై దాటిన మనిషి, ఇంకా పడవ మీదకు వెళ్తారు. మావాడి బండి నడిచేదాని కంటే ఆగేదే ఎక్కువటగా అని అడిగారు. అవునండి అన్నాను. ఎందుకని అడిగితే నాన్నకి చెప్పినట్టే వరస చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తమకూ ఆగడం ఉంటుందన్నారు. పోటు వచ్చి కాలవలోకి నీళ్ళు ఎక్కితేనే పడవ బయటికి కదులుతుంది, అప్పటిదాకా బురదలో కూర్చోవాలి. కానీ పోటు ఎప్పుడొస్తుందో తిథిని బట్టి తెలిసిపోతుందనీ, దాన్ని బట్టే అన్నం వండుకుంటామనీ అన్నారు.

“మావాడు అన్నం పట్టుకెళ్ళి తినకుండా తెచ్చేవాడమ్మా మొదట్లో. ఎప్పుడు తినాలో తెలిసేది కాదంట” అన్నారు.

రెండో లైను పడ్డాక నన్ను గుడివాడ మార్చారు. ఇప్పుడు ఎదురు బండి కోసం ఆపాల్సిన పని లేదు. అయినా గూడ్సులు ఆగుతూనే ఉన్నాయి. ఏలూరు మీదుగా వెళ్ళే పెద్ద లైను నిండిపోయినప్పుడల్లా గూడ్సుల్ని గుడివాడ మీదకు మళ్ళిస్తారు. అవి వచ్చి లూపుల్లో నిలబడతాయి, వెనక నుంచి ఎక్స్‌ప్రెస్సులు దాటి వెళ్తాయి. ఇక్కడ లూపులు ఎక్కువ కాబట్టి ఒకేసారి మూడు నాలుగు ఆగి ఉంటాయి. చెప్పడం మాత్రం నేను మానలేదు. నాతో పనిచేసేవాళ్ళలో ఒకరిద్దరు కూడా చెప్తున్నారు. మిగతావాళ్ళు, మాట తప్పితే ఎవరు పడతారండీ అంటారు. వాళ్ళు అనేదీ నిజమే.

మొన్న కూరగాయల కోసం మార్కెట్టుకి వెళ్తే చేపలావిడ కనపడింది. ఇప్పుడు పాసింజరులో రావడం లేదు. నలుగురు ఆడవాళ్ళు కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నారట, వెనక ఐసు పెట్టెలు పెట్టుకుని రోడ్డు మీదే వచ్చేస్తున్నారు. పాలసొర ఇల్లు మళ్ళీ తిరిగొచ్చిందా అని అడిగాను. రాలేదంది. వాళ్ళు పక్క వీధిలో కనపడితే పలకరిస్తారు గానీ చేపలు మాత్రం ఆ వేరేవాళ్ళ దగ్గరే తీసుకుంటున్నారట. ఆటోలో అయితే ఆలస్యం ఉండదు కదా అన్నాను.

“ఎందుకుండదమ్మా, గేటు దగ్గర ఆపుతున్నారు. మొన్న గూడ్సు వస్తుందని ముప్పావుగంట వేశారు” అంది.

ఏ గేటని అడిగాను. పెడన ఇవతలిదని చెప్పింది. అక్కడ ఉదయం పూట గేటు ఎప్పుడు వేస్తారో కనుక్కుని చెప్తానన్నాను. ఆమె సరేనని, పక్కన నిలబడ్డ మనిషికి చేప కోసి ఇవ్వడానికి కత్తిపీట ముందుకు జరుపుకుంది.